పాస్‌వర్డ్ కరెక్టే, కీ కొట్టేదే వేరు

పాస్‌వర్డ్ తప్పని కంప్యూటర్ అన్నంత మాత్రాన మీరు పాస్‌వర్డ్ మర్చిపోయారని కాదు. గుంటూరు అరండల్‌పేటలో నాకు డీటీపీ, ఆన్‌లైన్ పనుల షాపు ఉంది. మిర్చి యార్డు గుమాస్తాలు జీఎస్టీ రిటర్నులకి వస్తారు, రిటైరైన మాస్టార్లు పెన్షన్ పనులకి వస్తారు, పిల్లలు కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్లకి వస్తారు. లాగిన్ అవ్వట్లేదని తలపట్టుకున్నవాళ్ళ పాస్‌వర్డ్ విప్పి చూస్తే చాలాసార్లు అక్షరాలూ సరిగ్గానే ఉంటాయి, అంకెలూ సరిగ్గానే ఉంటాయి. తేడా కొట్టేది మధ్యలో ఉన్న ఒక్క గుర్తు దగ్గర. @ అనుకుని కొట్టింది @ కాదు. ఏ గుర్తు కొట్టినా పెట్టెలో పడేది అదే నల్ల చుక్క కాబట్టి మనకి తెలియదు.

ఇలాంటప్పుడు అందరూ చేసే పని 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కడం. నొక్కకండి. ఓటీపీ ఎప్పుడో తీసేసిన పాత సిమ్ముకి వెళ్తుంది, ఆ నంబరు మార్చాలంటే మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. అదంతా దాటి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నారే అనుకోండి, అదే తేడా కీబోర్డు మీద పెడితే తప్పుడు గుర్తే మళ్ళీ పాస్‌వర్డ్‌లో కూర్చుంటుంది. ఆ కంప్యూటర్లో మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. "ఇంట్లో ఓపెన్ అవుతోందండీ, మీ దగ్గరే అవ్వట్లా" అని నన్ను అనుమానంగా చూసేవాళ్ళ కథ చాలావరకు ఇదే.

రెండుసార్లు తప్పని వస్తే చేతులు తీసేయండి. కొన్ని పోర్టళ్ళు మూడోసారికే తలుపు మూసేస్తాయి, కొన్ని అయిదోసారికి. మిగిలిన అవకాశాలు దాచుకుని, ముందు కీ ఏం పంపుతోందో చూడాలి.

పెట్టె చివర కన్ను బొమ్మ ఉంటే అదే మొదటి మందు. వెనక ఎవరైనా నిలబడ్డారేమో చూసుకుని నొక్కండి, కొట్టింది కొట్టినట్టు కనిపిస్తుంది. కన్ను కనిపించకపోతే పెట్టె మొత్తం తుడిచి మొదటి నుంచి కొట్టి చూడండి. కొన్ని బ్రౌజర్లలో, విండోస్ లాగిన్‌లో కూడా, అప్పటికప్పుడు కొట్టినదానికే కన్ను తెరుచుకుంటుంది. పెట్టె వదిలి పక్కకి వెళ్ళి వస్తే మాయమైపోతుంది.

కన్ను లేని చోట నోట్‌ప్యాడ్ తెరవండి. అందులో పాస్‌వర్డ్ మొత్తం కొట్టకండి, ఆ అవసరమే లేదు. షిఫ్ట్ పట్టుకుని పైవరసలో 1 నుంచి 0 దాకా వరసగా కొట్టండి చాలు. ఆ తర్వాత ఎంటర్ పక్కనున్న కొటేషన్ కీ, ఎంటర్ పైనున్న \ కీ, ఎడమవైపు మూలన 1 పక్కనున్న కీ, ఒక్కొక్కటి షిఫ్ట్ లేకుండా ఒకసారి, షిఫ్ట్‌తో ఒకసారి. బ్రౌజర్ పైనున్న అడ్రస్ బార్‌లో కొట్టి చూసుకునేవాళ్ళు ఉన్నారు, ఆ పని మాత్రం వద్దు. అక్కడ కొట్టేది కొడుతుండగానే సలహాల కోసం సెర్చ్ కంపెనీకి వెళ్ళే వీలుంది, హిస్టరీలోనూ మిగులుతుంది.

నోట్‌ప్యాడ్‌లో !@#$%^&*() అని వరసగా పడితే మీది అమెరికా లేఅవుట్. లేఅవుట్ అంటే ఏ కీ కొడితే ఏ గుర్తు పడాలన్న అమరిక. మన దేశంలో అమ్మే కీబోర్డుల మీద దాదాపు అన్నిటికీ అచ్చువేసేది ఇదే, కాబట్టి కీ మీద ఏముందో అదే పడుతోంది. గొడవ వేరే చోట ఉంది, కిందకి వెళ్ళండి.

2 మీద " పడి, 3 మీద £ పడితే కంప్యూటర్ బ్రిటన్ లేఅవుట్‌లో ఉంది. మా దగ్గరకొచ్చే కేసుల్లో పెద్ద వాటా దీనిదే. విండోస్ ఎక్కించేటప్పుడు భాష దగ్గర ఇంగ్లిష్, యునైటెడ్ కింగ్‌డమ్ అని ఎంచుకుంటారు, మనం రాసే స్పెల్లింగులు అవే కదా అని. దాంతోపాటు ఆ దేశపు కీబోర్డు కూడా చెప్పకుండా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు @ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని కొటేషన్ కీ కొట్టాలి. " కావాలంటే షిఫ్ట్ 2. # కావాలంటే ఎంటర్ పైనున్న \ కీని షిఫ్ట్ లేకుండా కొట్టాలి, అదే కీకి షిఫ్ట్ కలిపితే ~ వస్తుంది. మరి \, | ఎక్కడ అంటే, బ్రిటన్ కీబోర్డులో అవి జెడ్‌కి ఎడమ పక్కన ఇంకో కీ మీద ఉంటాయి. మన కీబోర్డులకి ఆ కీయే ఉండదు. అంటే పాస్‌వర్డ్‌లో | ఉన్నవాడు ఎన్ని కీలు కొట్టినా అది పడదు. పిల్లాడు లండన్ నుంచి తెచ్చిచ్చిన లాప్‌టాప్ అయితే దీనికి తలకిందులు. కీల మీద అచ్చు బ్రిటన్‌ది, ఇక్కడ ఎవరో విండోస్ మళ్ళీ ఎక్కించి అమెరికా లేఅవుట్ పెట్టి ఉంటారు. బ్రాడీపేటలో ఇంటికో బిడ్డ బయటి దేశంలో ఉన్నాడు కాబట్టి ఇలాంటి లాప్‌టాప్‌లకి మాకేం కరువు లేదు.

జర్మనీ నుంచి వచ్చిన లాప్‌టాప్ అయితే వై, జెడ్ అక్షరాలే తారుమారు. అక్కడ @ కోసం కుడివైపు ఆల్ట్ పట్టుకుని క్యూ కొట్టాలి. ఫ్రాన్స్‌దైతే అంకెలకి కూడా షిఫ్ట్ నొక్కాలి.

గుర్తు కొట్టగానే ఏమీ పడకుండా, తర్వాత అక్షరం కొట్టాక రెండూ కలిసి నెత్తిమీద గీతతో వింత అక్షరం వచ్చిందంటే అది యూఎస్ ఇంటర్నేషనల్ అనే లేఅవుట్. ఫ్రెంచి, స్పానిష్ రాసుకునేవాళ్ళ కోసం చేసింది. ', ", `, ~, ^ ఈ అయిదూ తర్వాతి అక్షరం కోసం ఆగి చూస్తాయి. గుర్తు కొట్టి వెంటనే స్పేస్ బార్ నొక్కండి, గుర్తు ఒక్కటే పడుతుంది. ఆ స్పేస్ పాస్‌వర్డ్‌లోకి వెళ్ళదు.

ఇక తెలుగు పడితే. గడియారం పక్కన తెలుగు అక్షరాలు కనిపిస్తుంటాయి చూడండి, అదే సూచన. తెలుగు టైపు చేసేవాళ్ళ ఇళ్ళలో, మాలాంటి డీటీపీ షాపుల్లో ఇది రోజూ ఉండేదే. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ రెండూ కలిసి నొక్కుకుంటే విండోస్ భాష మార్చేస్తుంది. షిఫ్ట్ కోసం వెళ్ళిన వేలు ఆల్ట్‌కి తగిలితే చాలు, ఎవరూ ఏమీ చేయకుండానే భాష మారిపోయిందంటారు. 1991లో ప్రమాణంగా వచ్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో పైవరస షిఫ్ట్ కీల మీద గుర్తులకి బదులు ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఉంటాయి. & ఉండాల్సిన 7 మీద క్ష వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టెలో అది కూడా చుక్కే. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే భాషలు ఒక్కొక్కటే మారతాయి, ఇంగ్లిష్ దగ్గర ఆపండి.

డీటీపీలో తెలుగు కొట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్ మేనేజర్. అది వాడేవాళ్ళది వేరే తంటా. దానికి విండోస్ భాషతో సంబంధం లేదు. గడియారం పక్కన ఇంగ్లిషే కనిపిస్తుంది, కానీ అది ఆన్‌లో ఉన్నంతసేపూ మీరు కొట్టే కీలు దాని చేతుల్లోంచే వెళ్తాయి. శుభలేఖ కంపోజ్ చేస్తూ మధ్యలో మెయిల్ తెరిచి పాస్‌వర్డ్ కొడితే లోపలికి పోనివ్వకపోవడం అందుకే. మా షాపులో కుర్రాళ్ళకి నేను పెట్టిన నియమం ఒకటే. లాగిన్ పేజీ తెరిచే ముందు అను ఆపేయాలి.

అస్తమానం భాష మారిపోతుంటే ఆ షార్ట్‌కట్‌నే పీకేయండి. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అందులో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్. చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి రెండు వరసల్లోనూ నాట్ అసైన్డ్ పెట్టండి. విండోస్ కీతో స్పేస్ ఎలాగూ ఉంటుంది, కావాలని మార్చుకోవడానికి అది చాలు. బ్రిటన్ కీబోర్డు తీసేయాలంటే అదే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కి వెళ్ళి, భాష పక్కనున్న మూడు చుక్కలు, లాంగ్వేజ్ ఆప్షన్స్, కీబోర్డ్స్. ముందు అమెరికాదో ఇండియాదో కలిపి, ఆ తర్వాత బ్రిటన్‌ది తీసేయండి. ఒక్కటే ఉంటే తీసేయనివ్వదు.

రూపాయి గుర్తు పెట్టుకున్నవాళ్ళు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మనకే వచ్చే జబ్బు. ఫోన్లో జీబోర్డు, అంటే గూగుల్ కీబోర్డు, ఇంగ్లిష్ ఇండియాలో ఉంటే గుర్తుల పేజీలో డాలర్ ఉండాల్సిన చోట ₹ కనిపిస్తుంది. 'ఒక స్పెషల్ క్యారెక్టర్ ఉండాలి' అని పేజీ అడగగానే చేతికి అందింది కదా అని జనం దాన్నే నొక్కుతారు. కొన్ని సైట్లు అప్పుడే వద్దంటాయి, వాటికి దణ్ణం పెట్టాలి. కొన్ని తీసేసుకుంటాయి. ఫోన్లో లాగిన్ అయినన్నాళ్ళూ హాయిగా ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న రోజున తెలుస్తుంది. 4 కీ మీద ₹ అచ్చు వేసే ఉంటుంది, కానీ ఎలా కొట్టినా రాదు.

@, #, $ లాంటివి 1960ల నాటి ఆస్కీ అనే కంప్యూటర్ అక్షరాల పట్టికలో ఉన్న పాత కాపులు. ఆ పట్టికలో కంటికి కనిపించే అక్షరాలూ గుర్తులూ, స్పేస్‌తో కలిపి 95. ప్రపంచంలో దాదాపు ఏ ఇంగ్లిష్ కీబోర్డు తీసుకున్నా ఎక్కడో ఒక మూల అవి ఉంటాయి. మన ₹ని కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్నదే 2010 జూలై 15న. ఆ అక్టోబరులో అన్ని భాషల అక్షరాలూ ఉండే యూనికోడ్ పట్టికలోకి ఎక్కింది. అమెరికా లేఅవుట్‌కి అది తెలియదు.

దారి ఉంది. పైన చెప్పిన లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఇంగ్లిష్ ఇండియా కీబోర్డు కలపండి. విండోస్ కీతో స్పేస్ కొట్టి దానికి మారండి. కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 కొడితే ₹ పడుతుంది. మిగతా గుర్తులు అమెరికా లేఅవుట్‌లో ఉన్నచోటే ఉంటాయి కాబట్టి మళ్ళీ పెద్దగా నేర్చుకునేదేమీ ఉండదు. నన్నడిగితే మనవాళ్ళందరూ ఈ లేఅవుటే పెట్టుకోవాలి. అలా లోపలికి వెళ్ళాక మాత్రం మొట్టమొదట ఆ పాస్‌వర్డ్ మార్చేయండి. రేపు ఇంకో కంప్యూటర్ ముందు మళ్ళీ ఇదే భాగోతం మనకొద్దు. ఫోన్లో $ కావాలంటే ఆ ₹ కీనే కాసేపు నొక్కి పట్టుకోండి, డాలర్, మిగతా డబ్బు గుర్తులూ పైకి వస్తాయి.

రాసిచ్చినది, పంపించినది

కీబోర్డు బాగానే ఉంది, నోట్‌ప్యాడ్‌లో అన్నీ సరిగ్గా పడ్డాయి, అయినా లాగిన్ కాలేదు. అప్పుడు మీ చేతిలో ఉన్న పాస్‌వర్డ్‌నే అనుమానించండి. ఎక్కడి నుంచి వచ్చింది అది?

వాట్సాప్‌లో వచ్చిందంటే ముందు స్టార్లు చూడాలి. ఒక మాటకి అటూ ఇటూ * పెడితే వాట్సాప్ దాన్ని లావు అక్షరాలుగా చూపించి ఆ రెండు స్టార్లనీ మింగేస్తుంది. _ పెడితే వాలు అక్షరాలు, ~ పెడితే కొట్టివేత గీత. ఆడిటర్ గారి ఆఫీసు నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మిగతా మెసేజ్ కంటే లావుగా కనిపిస్తోందంటే, దానికి ముందూ వెనకా స్టార్లు ఉన్నాయన్నమాట. చూసి కొడితే అవి రావు. పంపేవాళ్ళు ఫొటో తీసి పంపడం మేలు, చదివి వినిపించడం ఇంకా మేలు.

చదివి వినిపించడంలోనూ ఒక పేచీ ఉంది. మనవాళ్ళు '-'నీ డాష్ అంటారు, '_'నీ డాష్ అంటారు. "పైన గీతా, కింద గీతా?" అని అడగండి. స్లాష్ అంటే ఎటు వాలిందో అడగండి. ఫోన్లో చెప్పేటప్పుడు క్యాపిటల్, స్మాల్ అన్నది ప్రతి అక్షరానికీ విడిగా చెప్పించుకోండి, విసుక్కున్నా సరే.

వర్డ్‌లో రాసి పెట్టుకున్నదైతే అది సూటి కొటేషన్లని వంపు తిరిగిన కొటేషన్లుగా మార్చేసి ఉంటుంది. రెండు హైఫన్లు వరసగా ఉంటే ఒక పొడుగు గీత చేసేస్తుంది. ఐఫోన్‌లో 2017 నాటి ఐఓఎస్ 11 నుంచి స్మార్ట్ పంక్చుయేషన్ అనే సెట్టింగు ఇదే పని చేస్తోంది. కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కి అవి వేరే అక్షరాలు. ఎక్సెల్ మరీ గడుసుది. మిర్చి కమిషన్ షాపుల్లో పార్టీల పేర్లు, లాగిన్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ఒకే ఎక్సెల్ షీట్లో పెడతారు. భద్రత సంగతి దేవుడెరుగు, ముందు అది పాస్‌వర్డ్‌ని ఉన్నది ఉన్నట్టు ఉంచదు. = తోనో + తోనో మొదలైతే లెక్క అనుకుంటుంది. మొదట ' ఉంటే దాన్ని దాచేస్తుంది. ఉత్త అంకెలైతే ముందున్న సున్నాలు కొట్టేస్తుంది. మధ్యలో @, చుక్క ఉంటే మెయిల్ అడ్రసనుకుని నీలంగా చేసి కింద గీత గీస్తుంది. ఆ గీతలో పాస్‌వర్డ్‌లోని _ కలిసిపోయి ఖాళీలా కనిపిస్తుంది. ఆ కాలమ్‌ని మొదటే టెక్స్ట్‌గా మార్చి అప్పుడు రాసుకుంటే అంకెలూ = గుర్తులూ అలాగే నిలుస్తాయి.

కాపీ చేసి పేస్ట్ చేస్తున్నారా, చివర ఖాళీ అంటుకుని వచ్చిందేమో చూడండి. తెలుగు మెసేజ్ మధ్యలోంచి కాపీ చేస్తే ఇంకోటి కూడా రావచ్చు. తెలుగులో పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా కీబోర్డు వేసే గుర్తు ఒకటుంది, దానికి వెడల్పే లేదు. అది పాస్‌వర్డ్‌కి అతుక్కుని వచ్చిందంటే కంటికి దొరకదు. కన్ను బొమ్మ నొక్కినా కనపడదు. అనుమానం ఉంటే పేస్ట్ మానేసి చేత్తో కొట్టండి.

కాగితం మీద అచ్చైన పాస్‌వర్డ్ అయితే క్యాపిటల్ ఐ, స్మాల్ ఎల్, అంకె 1, | గుర్తు, ఈ నాలుగూ కొన్ని ఫాంట్లలో నిలువు గీతలే. ఓ, సున్నా సంగతి సరేసరి. ఇక్కడో చిన్న పిట్టకథ. టైపు లోయరు, హయ్యరు పాసై ఆఫీసుల్లో స్టెనోలుగా చేసి రిటైరైన పెద్దవాళ్ళు ఇప్పటికీ అంకె 1 బదులు స్మాల్ ఎల్ కొడతారు. చాలా పాత టైపు మిషన్లకి 1 అంకె కీయే ఉండేది కాదు, ఎల్‌తోనే సరిపెట్టేవారు. వేళ్ళు అవే, అలవాటు అదే. వీళ్ళే @ కోసం క్యాప్స్ లాక్ నొక్కి 2 కొడతారు. మిషన్‌లో షిఫ్ట్ లాక్ వేస్తే అన్ని కీలూ పై గుర్తులే అచ్చు వేసేవి. కంప్యూటర్లో క్యాప్స్ లాక్ అక్షరాలనే పెద్దవి చేస్తుంది, 2 మీద 2నే పడుతుంది. బాబాయ్ గారి వయసువాళ్ళకి ఈ సంగతి చెప్పేటప్పుడు కాస్త గౌరవంగా చెప్పండి. వేగంలో మన కుర్రాళ్ళెవరూ వాళ్ళకి సాటిరారు.

కీ చచ్చిపోతే

టీ ఒలికి 2 కీ పోయింది, మరి @ ఎలా? ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరవండి. విండోస్ కీ, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. మౌస్‌తో షిఫ్ట్ నొక్కి, @ నొక్కండి. కీ బాగున్నవాళ్ళకి కూడా నేనిది చూపిస్తాను, ఎందుకంటే అది ప్రస్తుతం ఏ లేఅవుట్ ఉందో దాని ప్రకారమే కీలు గీసి చూపిస్తుంది. అందులో షిఫ్ట్ నొక్కి 2 మీద @ ఉందో " ఉందో చూస్తే నోట్‌ప్యాడ్ పరీక్ష కూడా అక్కర్లేదు.

పక్కన నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డైతే ఇంకో పాత విద్య. నమ్ లాక్ వేసి, ఆల్ట్ పట్టుకుని, ప్యాడ్ మీద 64 కొట్టి ఆల్ట్ వదిలితే @ పడుతుంది. # కి 35, $ కి 36, % కి 37, & కి 38, * కి 42, \ కి 92, ^ కి 94, _ కి 95, | కి 124, ~ కి 126. ఏ దేశపు లేఅవుట్ ఉన్నా వీటికి తేడా లేదు. పైవరస అంకెలతో కొడితే రాదు, ప్యాడే కావాలి. నా టేబుల్ అద్దం కింద ఈ అంకెల చీటీ ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే ఆ పేజీలోనే ఎక్కడైనా మెయిల్ అడ్రస్ కనిపిస్తుందేమో చూసి, అందులోంచి @ ఒక్కదాన్నే కాపీ చేసి తెచ్చుకోండి. కొన్ని సైట్లు పాస్‌వర్డ్ పెట్టెలో పేస్ట్ చేయనివ్వవు. భద్రత అనుకుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే పేస్ట్ చేయనివ్వండి, కొట్టింది చూసుకోనివ్వండి, అంకె ఉండాలి గుర్తు ఉండాలి అని జనాన్ని పీడించకండి అని రాసింది. మన పోర్టళ్ళు దాన్ని చదివే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

కీలు బతికే ఉండి, చిత్రంగా ప్రవర్తిస్తుంటే మూడు చూడండి. షిఫ్ట్ అయిదుసార్లు వరసగా నొక్కితే స్టిక్కీ కీస్ వేయాలా అని అడుగుతుంది, చదవకుండా ఎస్ కొట్టేస్తారు. అప్పుడు షిఫ్ట్ వదిలినా తర్వాతి కీకి అంటుకునే ఉంటుంది. కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు అలాగే పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అడుగుతుంది. తర్వాతి గుర్తేంటా అని ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలు ఉంచేసేవాళ్ళకి ఇది తగులుతుంది. అది పడితే వెంటవెంటనే కొట్టిన రెండో అక్షరాన్ని లెక్కలోకి తీసుకోదు. పాస్‌వర్డ్‌లో @@ ఉంటే ఒక్కటే పడుతుంది. చుక్కలు లెక్కపెట్టండి, తేలిపోతుంది. రెంటినీ సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లో ఆపేయొచ్చు. మూడోది పాత చిన్న లాప్‌టాప్‌లలో నమ్ లాక్. అది పడితే కుడిచేతి వైపు అక్షరాలు అంకెలైపోతాయి. యూ కొడితే 4, ఐ కొడితే 5, జే కొడితే 1.

విండోస్ తెరుచుకోకముందే

లాగిన్ తెర దగ్గరే ఆగిపోతే నోట్‌ప్యాడ్ ఎక్కడ తెరుస్తాం? అక్కడ కుడి కింది మూల చూడండి. రెండు లేఅవుట్‌లు ఉన్న కంప్యూటర్ అయితే భాష పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కో, విండోస్ కీ స్పేస్‌తోనో మార్చుకోండి. పక్కనే మనిషి బొమ్మలాంటి యాక్సెసిబిలిటీ గుర్తులో ఆన్‌స్క్రీన్ కీబోర్డు ఉంటుంది. లోపల ఇంగ్లిష్ ఇండియా పెట్టుకున్నా లాగిన్ తెర మీద పాతదే వస్తుంటే, లాంగ్వేజ్ అండ్ రీజియన్ కింద అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్ తెరిచి కాపీ సెట్టింగ్స్ నొక్కి, వెల్‌కమ్ స్క్రీన్ అన్నచోట టిక్ పెట్టండి. విండోస్ కూడా మొదలవకముందు, నల్ల తెర మీద అడిగే పాస్‌వర్డ్‌లకి ఈ సెట్టింగులేవీ పట్టవు. అక్కడ మామూలుగా అమెరికా లేఅవుటే ఉంటుంది.

ఇంజనీరింగ్ పిల్లలకి రెండు ముక్కలు. లినక్స్ టెర్మినల్లో సుడో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా పడకపోవచ్చు, కీబోర్డు పోయిందనుకుని షాపుకి రాకండి. కమాండ్‌లో పాస్‌వర్డ్ ఇస్తుంటే $, !, & ఉన్నప్పుడు సింగిల్ కోట్స్‌లో పెట్టండి, లేకపోతే వాటికి షెల్ తన అర్థం చెప్పుకుంటుంది. డేటాబేస్ అడ్రస్ లైన్‌లో పాస్‌వర్డ్ ఇస్తే @ బదులు %40, # బదులు %23 రాయాలి.

మళ్ళీ పెట్టుకునేటప్పుడు

గుర్తు తప్పనిసరి అని పేజీ పట్టుబడితే, చోటు మారని గుర్తు ఎంచుకోండి. !, $, % ఈ మూడూ అమెరికా, బ్రిటన్, జర్మనీ లేఅవుట్‌లు మూడింటిలోనూ అవే కీల మీద ఉంటాయి, 1, 4, 5. అందుకే నేను అడిగినవాళ్ళందరికీ !, % చెప్తాను. $ కూడా మంచిదే, కానీ ఫోన్లో ₹ కింద దాక్కుంటుంది. @, #, ", ~, \, | జోలికి వెళ్ళకండి, దేశం మారితే చోటు మారేవాటిలో ముఖ్యమైనవి ఇవి. @ మీద ఇంకో ఫిర్యాదు ఉంది. ఊరిపేరు ఇంగ్లిష్‌లో రాసి, పక్కన @, దాని పక్కన పుట్టిన సంవత్సరం. ఈ గుంటూర్లో ఎంతమంది పాస్‌వర్డ్ అదో నేను చెప్పక్కర్లేదు, మీలో కొందరు ఇప్పుడు నవ్వుకుంటూనే ఉన్నారు. గుర్తు వల్ల పాస్‌వర్డ్ గట్టిపడటం తక్కువ, పొడుగు వల్ల గట్టిపడటం ఎక్కువ. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా పెట్టి చివర ! ఒకటి పడేయండి. పేజీ శాంతిస్తుంది, మీకూ గుర్తుంటుంది.

వైఫై పాస్‌వర్డ్‌కైతే గుర్తులు అసలు వద్దు. అది 8 నుంచి 63 అక్షరాల దాకా ఎంతైనా ఉండొచ్చు, కాబట్టి పొడుగు పెంచుకోండి. టీవీ రిమోట్‌తో గుర్తుల పేజీ వెతుక్కుంటూ @ దగ్గరికి బాణం నడిపించుకెళ్ళినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది.

కొత్త పాస్‌వర్డ్ పెట్టిన వెంటనే, ఆ పేజీ మూయకముందే, ఫోన్లో ఒకసారి లాగిన్ అయి చూడండి. రెండుచోట్లా తెరుచుకుంటే కీబోర్డు గొడవ లేనట్టే.

నాలాంటి వాడి షాపులో ఈ పనంతా చేసి ఉంటే లేచే ముందు ఇంకో రెండు నిమిషాలు కూర్చోండి. విండోస్ 11 నోట్‌ప్యాడ్ సేవ్ చేయకుండా మూసినా రాసింది గుర్తుపెట్టుకుని, మళ్ళీ తెరిస్తే చూపిస్తుంది. కాబట్టి రాసింది తుడిచి ఆ ట్యాబ్‌నే మూయండి. పాస్‌వర్డ్ కాపీ చేసి ఉంటే విండోస్ కీతో వి నొక్కండి, క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే అందులో మీ పాస్‌వర్డ్ బహిరంగంగా కూర్చుని ఉంటుంది, క్లియర్ ఆల్ కొట్టండి. 'సేవ్ పాస్‌వర్డ్' అని బ్రౌజర్ అడిగితే నెవర్. కన్ను బొమ్మ తెరిచి ఉంటే మూసి, లాగౌట్ అయ్యి, అప్పుడు లేవండి.